చెర్రీ రొయ్యలు కుబుసం విడిచేటప్పుడే చనిపోతున్నాయి: టీడీఎస్ సరిగానే ఉంది, లోపం ఎక్కడ?

కొత్తతొట్టె:

నమస్కారం. నా వద్ద 30 లీటర్ల తొట్టె ఒకటి ఉంది. ఇసుక, ఒక చెక్క దుంగ, జావా మాస్, అనూబియాస్ మొక్కలు ఆక్రమించిన చోటు పోగా అందులో నిలిచే నీరు దాదాపు 25 లీటర్లు. చేపలు లేవు, ఎర్ర చెర్రీ రొయ్యలు మాత్రమే ఉన్నాయి. గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ అమర్చాను. ఆరు వారాల పాటు తొట్టెను రొయ్యలు లేకుండా నడిపి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చిన తరువాతే 15 రొయ్యలను వదిలాను. మొదటి రెండు నెలలూ అంతా చక్కగా సాగింది. ఆడ రొయ్యలు పొట్ట కింద గుడ్లు మోయడం, ఆ తరువాత బియ్యపు నూకంత పిల్లలు మాస్ కొమ్మల మీద పాకడం చూసి ఇంటిల్లిపాదీ సంతోషించాము.

గత నెల రోజులుగా మాత్రం వారానికి రెండు మూడు చొప్పున చనిపోతున్నాయి. చనిపోయిన వాటిని భూతద్దంతో చూస్తే దాదాపు అన్నింటికీ ఒకే గుర్తు కనిపిస్తోంది: తలపెంకు ముగిసి పొట్టభాగం మొదలయ్యే చోట, దారం చుట్టి బిగించినట్టుగా, ఒంటి చుట్టూ తెల్లని వలయం. మొన్న గుడ్లు మోస్తున్న ఆడ రొయ్య ఒకటి గుడ్లలోంచి పిల్లలు రాకముందే కుబుసం విడిచింది. గుడ్లన్నీ ఆ కుబుసానికే అంటుకుని ఉండిపోయాయి.

నీటి వివరాలు ఇవి: ఉష్ణోగ్రత 24 డిగ్రీలు, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 నుంచి 20 మధ్య, పీహెచ్ 6.7, టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) 168. చెర్రీ రొయ్యలకు పీహెచ్ 6.5 నుంచి 8 వరకు, టీడీఎస్ 150 నుంచి 300 వరకు ఉండవచ్చని చదివాను. ఆ లెక్కన నా నీటిలో తప్పేమీ కనిపించడం లేదు.

మరొక విషయం చెప్పాలి. మొదట్లో కుళాయి నీరే, క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, వాడేవాడిని. అది బాగా కఠినమైన నీరు కావడంతో అద్దం మీద తెల్లని చారలు పడుతుండేవి. శుభ్రమైన నీరు రొయ్యలకు మంచిదని భావించి, ఏడు వారాలుగా వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు తీసి, తాగునీటి కోసం ఇంట్లో బిగించిన ఆర్వో యంత్రం నీరు పోస్తున్నాను. ఆవిరైన మేరకు నింపేదీ ఆ నీటితోనే. చావులు మొదలయ్యాక, మూడు వారాల క్రితం, ఒక మిత్రుడి సలహాపై అర టీస్పూను ఉప్పు కూడా కలిపాను. మొక్కలకు వారానికి ఒకసారి కొద్దిగా ద్రవ ఎరువు వేస్తాను. దయచేసి లోపం ఎక్కడుందో చెప్పగలరు.

నాచుతోట:

కొత్తతొట్టె గారూ, మీరు వివరాలు ఇంత శ్రద్ధగా రాయడం వల్ల సమాధానం సగం మీ ప్రశ్నలోనే దొరికింది. నా అనుమానం మీ ఆర్వో నీటి మీదే.

ముందు ఆ తెల్లని వలయం సంగతి. రొయ్యకు ఒంటి మీది పెంకు పెరగదు కాబట్టి ఒళ్లు పెరిగినప్పుడల్లా పాతదాన్ని వదిలించుకోవాలి. ఆ సమయానికి పాత పెంకు కింద కొత్త పెంకు మెత్తగా తయారై ఉంటుంది, పాత పెంకులోని ఖనిజాలలో కొంత భాగాన్ని రొయ్య తిరిగి ఒంట్లోకి లాక్కుంటుంది, తరువాత ఒళ్లు నీటితో ఉబ్బి, తలపెంకుకూ పొట్టకూ నడుమ వీపు మీద పెంకు చీలుతుంది. ఆ చీలికలోంచి రొయ్య ఒక్క విదిలింపుతో బయటపడాలి. చీలిక వీపు మీదే ఆగకుండా ఒంటి చుట్టూ తిరిగిపోతే, విదిలించడానికి పట్టు చాలక, తల ఒక పెంకులోనూ తోక మరొక పెంకులోనూ ఇరుక్కుపోతుంది. మీరు చూసిన వలయం ఇదే. అయితే కుబుసం విడిచే రోజు దగ్గరపడినప్పుడు వీపు మీద సన్నని లేత గీత కనిపించడం సహజమే కనుక, ప్రతి గీతకూ కంగారు పడవద్దు. వలయం ఏర్పడిన రొయ్యను పట్టుకారుతో లాగి కాపాడాలని ప్రయత్నించవద్దని వేడుకుంటున్నాను. లోపలి ఒళ్లు వెన్నలా ఉంటుంది, దాదాపు ప్రతిసారీ చీలిపోతుంది.

ఇలా జరగడానికి అనుభవజ్ఞులు ఎక్కువగా చెప్పే కారణాలు రెండు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం చాలకపోవడం ఒకటి. నీటి స్వభావం ఒక్కసారిగా మారి, సిద్ధం కాకముందే రొయ్య కుబుసం విడవవలసి రావడం రెండవది. గుడ్లతో ఉన్న ఆడ రొయ్య మధ్యలోనే కుబుసం విడవడం ఈ రెండవదానికి గుర్తు. మీ తొట్టెలో రెండూ కలిసే ఉన్నాయని అనుకుంటున్నాను.

ఇక టీడీఎస్. ఆ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి, అందులో కరిగిన పదార్థం ఎంత ఉండవచ్చో అంచనా వేసి చూపుతుంది. ఆ పదార్థం కాల్షియమా, ఉప్పులోని సోడియమా, ఎరువులోని పొటాషియమా, కుళ్లిన మేత నుంచి వచ్చిన నైట్రేటా అన్నది దానికి తెలియదు. రొయ్య పెంకుకు కావలసిన కాల్షియం, మెగ్నీషియంలను విడిగా కొలిచేది జీహెచ్ పరీక్ష. ఒక డిగ్రీ జీహెచ్ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన కాఠిన్యం. చెర్రీ రొయ్యలకు అది 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మీరు ఇచ్చిన పట్టికలో ఆ ఒక్క అంకే లేదు.

కాబట్టి చుక్కల మందుతో చేసే జీహెచ్, కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ కాఠిన్యం) పరీక్షలు తెచ్చుకుని తొట్టె నీరు, ఆర్వో నీరు, కుళాయి నీరు మూడింటినీ కొలవండి. అంతవరకు నీరు మార్చవద్దు, ఉప్పు వేయవద్దు, కొత్త మందు ఏదీ కలపవద్దు. జీవులు చనిపోతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ ఈ రెండు రోజులూ వాటికి కావలసింది అదే.

కొత్తతొట్టె:

పరీక్షలు చేశాను, ఒక్కొక్కటి రెండుసార్లు. కుళాయి నీరు: జీహెచ్ 14, కేహెచ్ 9, టీడీఎస్ 420. ఆర్వో నీరు: జీహెచ్ 1, కేహెచ్ ఒక్క చుక్కకే రంగు మారిపోయింది (అంటే 1 లేదా అంతకంటే తక్కువ), టీడీఎస్ 38. తొట్టె నీరు: జీహెచ్ 3, కేహెచ్ 1, టీడీఎస్ 168. ఇంత తక్కువ ఉంటుందని ఊహించలేదు. ఇప్పుడు వెంటనే కుళాయి నీరు పోసి సరిచేయవచ్చా? కాల్షియం ఉన్న మేత పెట్టినా, కటిల్‌బోన్ (కటిల్ చేప లోపలి సున్నపు పెంకు) ముక్క వేసినా సరిపోతుందా?

నాచుతోట:

మీ అంకెలు ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతున్నాయి. వారానికి నాలుగో వంతు చొప్పున ఏడుసార్లు ఆర్వో నీరు పోస్తే పాత కుళాయి నీటిలో మిగిలేది దాదాపు 13 శాతమే. ఆ లెక్కన జీహెచ్ 2.7 ఉండాలి, మీకు 3 వచ్చింది. కేహెచ్ కూడా అలాగే ఒకటికి దిగిపోయింది, దానితోపాటు పీహెచ్ కూడా దిగి ఉంటుంది. అదే లెక్కన టీడీఎస్ మాత్రం 90 దగ్గర ఉండాలి. మీ మీటరు 168 చూపుతోంది. మధ్యలో ఉన్న ఆ 78లో సగానికి పైగా మీరు వేసిన ఉప్పే అయి ఉంటుంది. అర టీస్పూను, అంటే సుమారు 3 గ్రాముల ఉప్పు 25 లీటర్లలో 120 వరకు పెంచుతుంది, తరువాతి మూడు నీటిమార్పులలో అది 50కి తగ్గుతుంది. మిగిలినది ఎరువు, మేత. మీటరు మీద కనిపించిన మంచి అంకె ఇలా తయారైనదే.

ఇంకొకటి గమనించండి. మొదటి నీటిమార్పు రోజునే జీహెచ్ 14 నుంచి దాదాపు 11కి పడిపోయింది, తరువాతి వారం 8కి. చావులు మొదలయ్యాయని మీరు చెప్పిన నాటికి అది 5, 6 డిగ్రీల దగ్గరికి వచ్చి ఉంటుంది. పిల్లలు పెద్దవాటికంటే చాలా తరచుగా కుబుసం విడుస్తాయి కనుక మీ కంట పడకుండా అంతకుముందే కొన్ని పోయి ఉండవచ్చు.

మీ మొదటి ప్రశ్నకు సమాధానం: సరిచేయాలి, కానీ వెంటనే కాదు. కుళాయి నీటినే ఒక్కసారిగా పోస్తే ఇప్పటివరకు కిందికి జరిగిన పొరపాటు పైకి జరుగుతుంది, ఆ దెబ్బకు మిగిలినవీ అకాలంగా కుబుసం విడుస్తాయి. రెండు పాళ్లు కుళాయి నీరు, ఒక పాలు ఆర్వో నీరు కలపండి. ఆ మిశ్రమం జీహెచ్ 9.7 ఉంటుంది. తొట్టెలోంచి రెండున్నర లీటర్లు మాత్రమే తీసి, మిశ్రమానికి క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, తొట్టె నీటి వేడికి సమానంగా తెచ్చి, గాలి గొట్టం గుండా చుక్కలు చుక్కలుగా గంటసేపు దింపండి. వారానికి రెండుసార్లు ఇలా చేస్తే ఒక్కోసారి జీహెచ్ అర డిగ్రీ పైచిలుకు పెరిగి, ఆరవ మార్పుకు 6.1కి చేరుతుంది, అంటే మూడు వారాలు. కేహెచ్ కూడా మూడు దాటుతుంది. ఆ తరువాత సగం సగం మిశ్రమానికి మారండి, అది ఏడున్నర దగ్గర నిలబడుతుంది. ఆవిరైన నీటిని నింపడానికి మాత్రం ఇప్పటిలాగే ఆర్వో నీరే వాడండి. నీరు ఆవిరైనా ఖనిజాలు తొట్టెలోనే ఉండిపోతాయి కనుక, ఆ లోటును కుళాయి నీటితో పూడిస్తే కాఠిన్యం నెలనెలా పెరుగుతూ పోతుంది.

కాల్షియం మేత సహాయపడుతుంది కానీ సరిపోదు. కుబుసం విడిచాక కొత్త పెంకు గట్టిపడటానికి కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని మంచినీటి రొయ్యలు నీటి నుంచే తీసుకుంటాయి. కటిల్‌బోన్ తటస్థానికి దగ్గరగా ఉన్న నీటిలో చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఎంత కరిగిందో మన చేతిలో ఉండదు, పైగా మెగ్నీషియం దాదాపు ఇవ్వదు. చిన్న ముక్క వేస్తే నష్టం లేదు, దాని మీదే ఆధారపడవద్దు.

ఎర్రమీసం:

నాచుతోట గారి నిర్ధారణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆర్వో నీరు రొయ్యలకు మంచిదన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే మరొకరు ఇదే పొరపాటు చేస్తారు. అలంకారానికి పెంచే మంచినీటి రొయ్యలలో ప్రధానంగా రెండు ప్రజాతులవి ఉన్నాయనుకోండి. మీ చెర్రీ రొయ్యలు నియోకారిడినా ప్రజాతివి, శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగులలో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క జాతి నుంచే రంగు చూసి ఏరి, తరతరాలుగా పెంచినవి. వీటికి తటస్థం నుంచి కొంచెం క్షార గుణం వరకు ఉన్న, మధ్యస్థ కాఠిన్యం గల నీరు సరిపడుతుంది. క్రిస్టల్ రెడ్ వంటి బీ (తేనెటీగ) రొయ్యలు కారిడినా ప్రజాతివి. 1990లలో జపాన్‌లో నల్ల బీ రొయ్యల మధ్య పుట్టిన ఎర్ర రొయ్యల నుంచి హిసాయాసు సుజుకి అభివృద్ధి చేసినవి అవి. వాటికి పీహెచ్ 6 దగ్గర, కేహెచ్ సున్నా నుంచి 1, జీహెచ్ 4 నుంచి 6 కావాలి. అందుకే వాటిని పెంచేవారు ఆర్వో నీటితో మొదలుపెడతారు. మొదలుపెడతారు అన్న మాటను దయచేసి గట్టిగా గుర్తుంచుకోండి: ఆ నీటికి కాల్షియం, మెగ్నీషియం లవణాల పొడిని కొలిచి కలిపిన తరువాతే తొట్టెలో పోస్తారు. వట్టి ఆర్వో నీరు ఏ రొయ్యకూ నీరు కాదు.

ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. కుళాయి నీరు కలపడం చౌక, సులభం, మీ ప్రస్తుత అవసరానికి సరిపోతుంది. కానీ కుళాయి నీటి స్వభావం కాలాన్ని బట్టి మారుతుంది, క్రిమిసంహారకం మోతాదూ మారుతుంది. దీర్ఘకాలంలో నియోకారిడినా కోసం జీహెచ్, కేహెచ్ రెండూ పెంచే పొడిని ఆర్వో నీటిలో కలుపుకోవడమే నాకు నిలకడగా అనిపించింది. అప్పుడు టీడీఎస్ మీటరు కూడా నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే నీటిలో మీరు ఏమి వేశారో మీకు తెలుసు. కుళాయి నీటితోనే సాగదలిస్తే ప్రతి మార్పుకు ముందు మిశ్రమం జీహెచ్ కొలవండి. ఐదు మిల్లీలీటర్లకు బదులు పది మిల్లీలీటర్ల నీరు తీసుకుంటే ఒక్కో చుక్క అర డిగ్రీకి లెక్క, కొలత మరింత కచ్చితంగా వస్తుంది. గీజరు నుంచి వచ్చే వేడినీరు ఎంత మాత్రమూ కలపవద్దు. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్ రాగితోనే ఏర్పడినా, నీటిలో కరిగిన రాగి మాత్రం వాటి మొప్పలను దెబ్బతీస్తుంది, వేడినీటి గొట్టాలలో అది కరిగే అవకాశం ఎక్కువ.

నిదానం:

ఆలస్యంగా చూశాను. కారణం తేలింది కాబట్టి రెండు మాటలు మాత్రమే చేరుస్తాను.

చావులకు పురుగుమందు కారణమా అని చాలామంది అడుగుతారు. మీ విషయంలో కాదని అనుకుంటున్నాను. దోమల మందులలో ఉండే పైరిత్రాయిడ్‌లు, కొత్తగా కొన్న మొక్కల మీద మిగిలిన మందు తొట్టెలోకి చేరితే చావు ఇలా ఒకటొకటిగా, వలయంతో రాదు. గంటలలోనే రొయ్యలన్నీ పిచ్చిగా ఈదుతూ, గిరగిరా తిరుగుతూ, పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంటాయి. అయినా తొట్టె ఉన్న గదిలో దోమల మందు వాడకపోవడం మంచిది. గాలి పంపు ఆ గదిలోని గాలినే నీటిలోకి నెడుతుందన్న సంగతి మనం తరచు మరచిపోతాము.

రెండవది గుడ్ల సంగతి. ఇకముందు ఆడ రొయ్య గుడ్లతో సహా కుబుసం విడిస్తే వాటిని పారేయకండి. గుడ్లలో చిన్న నల్లని కళ్లు కనిపించే దశకు వచ్చి ఉంటే ఆశ ఎక్కువ. కుబుసాన్ని సన్నని వలతో చేసిన చిన్న బుట్టలో ఉంచి, తొట్టెలోనే గాలి బుడగలు పక్కగా పోయే చోట వేలాడదీయండి. తల్లి ఈత కాళ్లతో గుడ్లను కదుపుతూ నీరు తగిలేలా చేసే పనిని ఆ బుడగలు కొంతవరకు చేస్తాయి. బూజు పట్టి తెల్లబడిన గుడ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి. అన్నిసార్లూ ఫలించదు, కానీ ఇలా పొదిగిన పిల్లలను నేను పెంచాను. చెర్రీ రొయ్యలకు ఉప్పునీటిలో గడపవలసిన లార్వా దశ లేదు, గుడ్డులోంచి వచ్చేది పూర్తి రూపమున్న పిల్లే, అదే మనకు కలిసివచ్చే అంశం.

మేత గురించి ఒక్క మాట. మిగిలినవి ఎన్ని ఉన్నాయో రాయలేదు కానీ, సంఖ్య తగ్గినప్పుడు మేత కూడా తగ్గించాలి. రెండు గంటలలో తినలేనిది మిగిలితే తీసివేయండి. మిగిలిన మేత ప్లనేరియా పురుగులను పెంచుతుంది, అవి పిల్లలకు, కుబుసం విడిచి మెత్తగా ఉన్న వాటికి ముప్పు. దుంగ మీద, ఆకుల మీద పేరుకునే జిగురు పొర వాటికి రోజంతా మేతే, కనుక రెండు రోజులకు ఒకసారి పెట్టినా చాలు.

కొత్తతొట్టె:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. నాచుతోట గారు చెప్పిన ప్రకారం మూడు వారాలలో ఆరు మార్పులు పూర్తి చేశాను. ఈరోజు తొట్టె నీరు జీహెచ్ 6, కేహెచ్ 3, పీహెచ్ 7.2, టీడీఎస్ 224. మొదటి వారంలో మరో రెండు పోయాయి, వాటిలో ఒకదానికి వలయం ఉంది. తరువాత ఒక్కటీ చనిపోలేదు. పెద్దవి ఆరు, పిల్లలు లెక్కకు అందినంతవరకు తొమ్మిది ఉన్నాయి. నిన్న ఉదయం దుంగ పక్కన తల నుంచి తోక వరకు చెక్కుచెదరని కుబుసం ఒకటి కనిపించింది. దాన్ని విడిచిన ఆడ రొయ్య మాస్ కింద దాక్కుని ఉంది, మగవి తొట్టె అంతా వేగంగా ఈదుతూ వెతుకుతున్నాయి. ఈ కుబుసాన్ని తీసివేయాలా, నీరు పాడవుతుందా? దాక్కున్న దాన్ని కదిలించి చూడవచ్చా?

ఎర్రమీసం:

చాలా సంతోషం. కుబుసాన్ని అక్కడే ఉంచండి. రొయ్యలే దాన్ని కొద్దికొద్దిగా తిని అందులోని ఖనిజాలను తిరిగి తీసుకుంటాయి, రెండు మూడు రోజుల తరువాత కూడా మిగిలితే అప్పుడు తీయవచ్చు. దాక్కున్న దాన్ని కదిలించకండి. దాని పెంకు గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మగవి అలా తిరుగుతున్నాయంటే అది నీటిలోకి వదిలిన వాసన వాటికి తగిలిందన్నమాట, కుబుసం విడిచిన వెంటనే జత కట్టే సమయం. దాని వీపు మీద ఇంతకుముందు పసుపుపచ్చని జీనులాంటి మచ్చ (అవి లోపల తయారవుతున్న గుడ్లే) ఉండి ఉంటే, ఒకటి రెండు రోజులలో ఆ గుడ్లు పొట్ట కిందికి దిగుతాయి. దిగిన నాటి నుంచి ఈ వేడిలో సుమారు నాలుగు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. సగం సగం మిశ్రమానికి మారే మొదటి మార్పును మాత్రం రేపే చేయకుండా వచ్చే వారానికి వాయిదా వేయండి.